ఆంప్లిఫయర్‌లో ‘ప్రొటెక్ట్’ లైటు: అది కాపాడేది సెట్టునా, స్పీకర్‌నా?

వినాయక చవితి మండపంలోనో పెళ్లి ఊరేగింపులోనో పాట మంచి ఊపులో ఉండగా సౌండ్ ఠక్కున ఆగిపోతుంది. ఆంప్లిఫయర్ ముందు పలక మీద ‘ప్రొటెక్ట్’ అనే ఎర్ర లైటు వెలుగుతుంది. ఆపరేటర్ స్విచ్ ఆపి మళ్లీ వేస్తాడు. ఒక్కోసారి పాట తిరిగి వస్తుంది, ఒక్కోసారి ఆ లైటు ఎంతసేపైనా ఆరదు. ‘స్పీకర్ పోయింది’ అని ఒకరంటే, ‘సెట్టు పోయింది’ అని ఇంకొకరంటారు. నిజానికి ఆ లైటు చూసి రెండూ చెప్పలేం.

ఎందుకంటే ఆ ఒక్క లైటు వెనక ఐదారు వేర్వేరు సర్క్యూట్లు ఉండొచ్చు. కొన్ని స్పీకర్‌ను కాపాడతాయి, కొన్ని ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లను, మరికొన్ని ట్రాన్స్‌ఫార్మర్‌ను. కొన్ని మిల్లీసెకన్లలో కదలాలి, కొన్నిటికి నిమిషాల వ్యవధి ఉన్నా నష్టం లేదు. స్పీకర్ కోసం సెట్టునే బలిపెట్టేవీ ఉన్నాయి. ‘ఫుల్ ప్రొటెక్షన్’ అని అట్టపెట్టె మీద రాసి ఉంటే, ఎవరికి, దేని నుంచి, ఎంత సేపట్లో అని మూడు ప్రశ్నలు వేసుకుంటే తప్ప ఆ మాటకు అర్థం రాదు.

ఔట్‌పుట్‌లో డీసీ ఎలా వస్తుంది, వస్తే ఏమవుతుంది

స్పీకర్‌కు కావాల్సింది ముందుకూ వెనక్కూ మారుతుండే ఏసీ. కోన్ దాని ప్రకారమే ఆడుతుంది. ఇప్పటి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లలో ఎక్కువ వాటికి రెండు సప్లైలు ఉంటాయి: ఉదాహరణకు ప్లస్ 50 వోల్టులు, మైనస్ 50 వోల్టులు. ప్లస్ వైపు ఒక ట్రాన్సిస్టర్, మైనస్ వైపు ఒకటి. ఆ రెండూ కలిసే చోటు నుంచి స్పీకర్‌కు వైరు వెళ్తుంది. పాట లేనప్పుడు అక్కడ సున్నా ఉండాలి. పది, ఇరవై, ముప్పై మిల్లీవోల్టుల తేడా మామూలే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

పవర్ ట్రాన్సిస్టర్ చెడిపోయినప్పుడు చాలాసార్లు తెగిపోదు, షార్టవుతుంది. ప్లస్ వైపుది షార్టయితే 50 వోల్టుల డీసీ, అంటే దిశ మారకుండా ఒకే వైపు పోయే కరెంటు, నేరుగా స్పీకర్ మీద పడుతుంది. 8 ఓమ్‌ల స్పీకర్ అంటాం గానీ మల్టీమీటర్‌తో కొలిస్తే దాని కాయిల్ 6 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. 50ని 6తో భాగిస్తే 8.3 ఆంపియర్లు. వోల్టేజీతో గుణిస్తే దాదాపు 415 వాట్లు. 100 వాట్ల స్పీకర్‌కు నాలుగింతలు.

అసలు నష్టం ఈ లెక్క కంటే ఎక్కువే. పాట వచ్చేటప్పుడు వాయిస్ కాయిల్ అయస్కాంతపు సందులో అటూ ఇటూ కదులుతూ తన చుట్టూ గాలిని ఆడిస్తుంది, వేడి పక్కనున్న ఇనుములోకి పోతుంది. డీసీ పడితే కాయిల్ ఒక వైపుకు తన్నుకుపోయి అక్కడే ఆగిపోతుంది. సందులోంచి సగం బయటికి వచ్చిన కాయిల్‌కు కదలికా లేదు, వేడి పోయే దారీ లేదు. వార్నిష్ కమురు వాసన రావడానికి కొన్ని సెకన్లు చాలు.

పాత సెట్లలో ఈ బెడద తక్కువ. 2ఎన్3055 ట్రాన్సిస్టర్ల కాలంలో చాలా ఆంప్లిఫయర్లు ఒకే సప్లై మీద నడిచేవి, స్పీకర్‌కు ముందు 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉండేది. ట్రాన్సిస్టర్ షార్టయినా ఆ కెపాసిటర్ ఒక్కసారి ‘ధన్’ మనిపించి డీసీని ఆపేసేది. దానికి వేరే ఖరీదు కట్టాల్సి వచ్చేది: 8 ఓమ్‌ల మీద సుమారు 9 హెర్ట్జ్ దగ్గర, 4 ఓమ్‌లైతే 18 హెర్ట్జ్ దగ్గర బాస్ కోతపడేది. రెండు సప్లైల డిజైన్ బాస్‌ను బాగుచేసింది గానీ, ఊరికే దొరికిన రక్షణను తీసేసింది. దాని స్థానంలో వచ్చిందే ప్రొటెక్షన్ బోర్డు.

బోర్డుకు డీసీ ఏదో, బాస్ ఏదో ఎలా తెలుస్తుంది

ఇక్కడే చిక్కు. 20 హెర్ట్జ్ బాస్ అంటే 25 మిల్లీసెకన్ల పాటు కోన్‌ను ఒకే వైపు తోసే వోల్టేజీ. ఆ 25 మిల్లీసెకన్లు చూస్తే అది డీసీలాగే ఉంటుంది. కనుక బోర్డు కాస్త ఆగి, సగటు తీసి చూడాలి. ఆ పని ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ చేస్తాయి.

వంద కిలో ఓమ్‌ల రెసిస్టర్, పది మైక్రోఫారడ్ల కెపాసిటర్ తీసుకుందాం. రెండిటి లబ్ధం ఒక సెకను. కెపాసిటర్ మీద 0.65 వోల్టులు చేరితే ట్రాన్సిస్టర్ ఆన్ అయి రిలే (స్పీకర్ వైరును కలిపి విడదీసే విద్యుదయస్కాంత స్విచ్) పడిపోతుంది అనుకుందాం. 8 ఓమ్‌ల మీద 100 వాట్లు ఇచ్చే 20 హెర్ట్జ్ స్వరానికి శిఖర వోల్టేజీ 40. ఈ ఫిల్టర్ దాన్ని 125 వంతులకు పైగా తగ్గించి 0.32 వోల్టులే చేరనిస్తుంది. రిలే కదలదు. అదే 10 హెర్ట్జ్ అయితే 0.64 వోల్టులు, అంటే అంచు మీద ఉంటుంది. ఎవరైనా మైకులోకి గట్టిగా ఊదినా, మైకు కింద పడేసినా కొన్ని సెట్లు ‘టక్’ మని ఆగిపోవడానికి కారణం ఇలాంటి అంచులే.

ఇప్పుడు నిజంగా 50 వోల్టుల డీసీ వచ్చిందనుకోండి. 0.65 చేరడానికి పట్టేది 13 మిల్లీసెకన్లు. దానికి రిలే వదలడానికి పట్టే సమయం కలుపుకోవాలి. 2 వోల్టుల డీసీ అయితే దాదాపు 400 మిల్లీసెకన్లు పడుతుంది. ఆలస్యంగా అనిపిస్తుంది గానీ, 6 ఓమ్‌ల కాయిల్‌లో 2 వోల్టులంటే ముప్పాతిక వాటు కూడా కాదు. పెద్ద ప్రమాదానికి త్వరగా, చిన్నదానికి తీరిగ్గా స్పందించడం ఈ రెండు భాగాల జోడీకి స్వతహాగా ఉన్న గుణం. ఇంత చౌకలో ఇంత తెలివైన పరిష్కారం ఎలక్ట్రానిక్స్‌లో తరచుగా దొరకదు.

కెపాసిటర్ విషయంలో మాత్రం తప్పులు జరుగుతుంటాయి. డీసీ ప్లస్‌గానూ రావచ్చు, మైనస్‌గానూ రావచ్చు కనుక అక్కడ నాన్-పోలార్ కెపాసిటరే ఉండాలి, లేదా రెండు 22 మైక్రోఫారడ్లవి ఎదురెదురుగా కలపాలి. రిపేరులో మామూలు ఎలక్ట్రోలైటిక్ ఒక్కటే వేస్తే ఒక వైపు డీసీకి బోర్డు బాగానే పనిచేస్తుంది, రెండో వైపు దాన్ని నమ్మలేం. పరీక్షించేవాళ్లు కూడా ఎక్కువగా ప్లస్ ఇచ్చి చూసి వదిలేస్తారు.

దుకాణాల్లో దొరికే బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది ఎన్‌ఈసీ రూపొందించిన యూపీసీ1237 అనే ఎనిమిది కాళ్ల ఐసీ. డీసీ చూడటం రెండో కాలు పని, ఓవర్‌లోడ్ చూడటం ఒకటో కాలు పని. నాలుగోది కరెంటు పోయిందా అని ట్రాన్స్‌ఫార్మర్ ఏసీని గమనిస్తుంది, ఏడోది ఆన్ చేసినప్పుడు కాసేపు ఆపుతుంది, ఆరోది రిలేను నడుపుతుంది. మూడో కాలు ఒక తగవు తీర్చడానికి ఉంది: తప్పు పోయాక దానంతటదే తిరిగి కలవాలా, స్విచ్ ఆపి వేసేదాకా కలవకూడదా? స్టేజి మీద పనిచేసేవాళ్లు దానంతటదే కలవాలంటారు, కార్యక్రమం ఆగకూడదు కదా. రిపేరు చేసేవాళ్లు ఆగిపోయి ఉండటమే మేలంటారు. షార్టు అలాగే ఉండగా రిలే పది సార్లు కలిసి విడితే, ప్రతిసారీ కాంటాక్టు మీద మచ్చ పడుతుంది. షార్టయిన స్పీకర్ వైరు సంగతైతే మొదటి వాదన, లోపలి ట్రాన్సిస్టర్ సంగతైతే రెండో వాదన సరైనవి. ఐసీకి ఆ తేడా తెలీదు.

రిలే విడిపోయినా కరెంటు ఆగకపోతే

ఈ విషయంలో చాలా బోర్డులు కాగితం మీద గట్టివే, పనిలో బలహీనం. రిలే పైన ఉన్న అచ్చు చదివితే తెలుస్తుంది: 10 ఆంపియర్లు 250 వోల్టుల ఏసీ, 10 ఆంపియర్లు 30 వోల్టుల డీసీ. అదే రిలే, అదే కరెంటు, కానీ డీసీ దగ్గరికి వచ్చేసరికి వోల్టేజీ ఎనిమిదో వంతుకు పడిపోయింది.

కాంటాక్టులు విడిపోయేటప్పుడు మధ్యలో ఆర్క్ పుడుతుంది. మన 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కనుక ఆర్క్ ఆరిపోయే అవకాశం వంద సార్లు దొరుకుతుంది. డీసీకి సున్నా అనేదే లేదు. 70 వోల్టులు, 10 ఆంపియర్లు ఉన్న చోట అర మిల్లీమీటరు ఖాళీ ఏ మూలకూ చాలదు. ఆర్క్ వెలుగుతూనే ఉంటుంది, కాంటాక్టు కరుగుతుంది, కరెంటు స్పీకర్‌లోకి పోతూనే ఉంటుంది. బయటికి మాత్రం రిలే ‘టక్’ మంది, ఎర్ర లైటు వెలిగింది, అంతా సరిగ్గా జరిగినట్టే ఉంటుంది.

దీనికి చవకైన ఉపాయం వైరింగులోనే ఉంది. చేంజోవర్ రిలేకు మూడు కాళ్లు: కామన్, మామూలుగా కలిసి ఉండేది, మామూలుగా విడి ఉండేది. స్పీకర్‌ను కామన్‌కు, ఆంప్లిఫయర్ ఔట్‌పుట్‌ను మామూలుగా విడి ఉండే కాలికి, మామూలుగా కలిసి ఉండే కాలిని గ్రౌండుకు కలుపుతారు. రిలే పడిపోగానే స్పీకర్ గ్రౌండుకు తగులుతుంది. ఆర్క్ ఇంకా వెలుగుతున్నా ఆ కరెంటు స్పీకర్‌ను దాటేసి గ్రౌండులోకి పోతుంది, సప్లై ఫ్యూజ్ ఎగిరిపోతుంది. చాలా రెడీమేడ్ బోర్డుల్లో ఆ మూడో కాలు ఖాళీగానే ఉంటుంది.

ఇంకో మార్గం, రిలేకు బదులు రెండు మాస్‌ఫెట్‌లు (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్లు) సోర్స్‌కు సోర్స్ కలిపి వాడటం. ఒక్కటి చాలదు, లోపలున్న డయోడ్ వల్ల అది ఒక దిశలోనే ఆపగలదు. ఆర్క్ లేదు, అరుగుదల లేదు. ఒక్కోటి 5 మిల్లీఓమ్‌లది తీసుకుంటే రెండూ కలిపి 10 మిల్లీఓమ్‌లు. కొత్త రిలేకు 100 మిల్లీఓమ్‌ల వరకూ కంపెనీలు ఒప్పుకుంటాయి. అయితే మాస్‌ఫెట్ కూడా షార్టయ్యే చనిపోతుంది, కాబట్టి దానికి కరెంటు, వోల్టేజీ ఎక్కువ దన్నుతోనే ఎంచుకోవాలి.

పెద్ద ప్రొఫెషనల్ సెట్లలో క్రోబార్ అనే మొరటు పద్ధతి ఉంది. ఔట్‌పుట్‌కూ గ్రౌండుకూ మధ్య ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ పెడతారు. డీసీ కనపడగానే అది ఔట్‌పుట్‌ను గ్రౌండుకు షార్టు చేస్తుంది. స్పీకర్‌కు రెండు కొనలూ ఒక్కటైపోతాయి కనుక అది బతుకుతుంది. ఫ్యూజ్ పోతుంది, ఒక్కోసారి మిగిలిన ట్రాన్సిస్టర్లూ పోతాయి. ఎలాగూ చచ్చిన సెట్టే కదా, ఖరీదైన స్పీకర్లు దక్కాయి అనేది దీని వెనక లెక్క. పొరపాటున బాగున్న సెట్టు మీద పనిచేస్తే దాన్నీ చంపుతుందనేది ఎదుటి వాదన. వేలాది వాట్ల లైన్ అరే (ఒకదాని కింద ఒకటి వేలాడదీసే) బాక్సులు తగిలించే చోట మొదటి లెక్కే నెగ్గుతుంది. ఇంట్లో వాడే సెట్టుకు ఇది అక్కర్లేదు.

రిలే గురించి ఇంకొక్క మాట. కాయిల్ మీద అందరూ వేసే 1ఎన్4007 డయోడ్ డ్రైవర్ ట్రాన్సిస్టర్‌ను కాపాడుతుంది, కానీ కాయిల్‌లోని కరెంటు ఆ డయోడ్‌లోనే తిరుగుతూ రిలే వదలడాన్ని ఆలస్యం చేస్తుంది. డయోడ్‌కు వరసలో ఒక జీనర్ వేస్తే మళ్లీ త్వరగా వదులుతుంది.

ఫ్యూజ్ ఉంది కదా అనేవాళ్లకు ఒక లెక్క

స్పీకర్ వైరులో 5 ఆంపియర్ల ఫాస్ట్ ఫ్యూజ్ పెట్టాం. మన 50 వోల్టుల ఉదాహరణలో పోయే కరెంటు 8.3 ఆంపియర్లు, అంటే ఫ్యూజ్ రేటింగుకు 1.66 రెట్లు. మామూలు 5×20 గాజు ఫ్యూజ్‌లకు వర్తించే ఐఈసీ 60127 ప్రమాణం ఏమంటుందంటే: ఒకటిన్నర రెట్లు కరెంటుకు కనీసం గంట నిలవాలి, 2.1 రెట్లకు అరగంట లోపు పోవాలి. మన కరెంటు ఆ రెండిటికీ మధ్య ఉంది. ఫ్యూజ్ తన పని తాను సక్రమంగా చేసినా, కాయిల్ బూడిదయ్యాక చేస్తుంది.

సరే, 2 ఆంపియర్లది పెడదామంటే పాటలోని గట్టి దెబ్బలకే ఎగిరిపోతుంది. ఎగరకపోయినా ఫ్యూజ్ తీగ బాస్‌తో పాటు వేడెక్కుతూ చల్లారుతూ దాని నిరోధం మారుతుంది, అది డిస్టార్షన్‌గా వినిపించే అవకాశం ఉంది. వైరు షార్టయి పదుల ఆంపియర్లు పోయేటప్పుడు ఫ్యూజ్‌కు తిరుగులేదు. కాయిల్‌ను డీసీ నుంచి కాపాడే పని దానిది కాదు.

సప్లై వైపు ఫ్యూజ్‌ల సంగతి ఇంకా విచిత్రం. ప్లస్ వైపు ఒకటి, మైనస్ వైపు ఒకటి ఉంటాయి. పార్టీ రాత్రి ఒక్కటే ఎగిరిందనుకోండి, చాలా సర్క్యూట్లలో ఔట్‌పుట్ రెండో సప్లై వైపు వాలిపోతుంది. అంటే ఫ్యూజే డీసీని పుట్టించింది. కంచే చేను మేయడమంటే ఇదే. డీసీ ప్రొటెక్షన్ లేని బోర్డులో సప్లై ఫ్యూజ్‌లు పెట్టడం సగం రక్షణ, సగం ప్రమాదం.

ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ తట్టుకునేదెంత

ఇప్పటిదాకా చెప్పుకున్నది స్పీకర్ గురించి. వేదిక మీద వైర్లు తొక్కి ఔట్‌పుట్ షార్టయితే ఆపదలో పడేది ట్రాన్సిస్టర్. బాగా వాడుకలో ఉన్న 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943 జంటను చూద్దాం. డేటాషీట్ ప్రకారం 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్లు. మూడూ ఒకేసారి కాదు. పైగా ఆ 150 వాట్లు ట్రాన్సిస్టర్ ఒళ్లు 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటి మాట. ఆపైన డిగ్రీకి 1.2 వాట్లు చొప్పున తగ్గుతుంది. 75 డిగ్రీల దగ్గర మిగిలేది 90 వాట్లే.

8 ఓమ్‌ల రెసిస్టర్‌ను లోడుగా పెడితే ఒక ట్రాన్సిస్టర్ మీద ఎక్కువ భారం పడేది ఔట్‌పుట్ సగం ఎత్తులో ఉన్నప్పుడు: దాని మీద 25 వోల్టులు, దానిలోంచి 3.1 ఆంపియర్లు, దాదాపు 78 వాట్లు. ఇది తేలిక. కానీ స్పీకర్ రెసిస్టర్ కాదు. కాయిల్, కోన్ బరువు, క్రాసోవర్ (బాస్‌నూ పై స్వరాలనూ విడదీసే సర్క్యూట్) కలిసి కరెంటును వోల్టేజీ కంటే ముందుకో వెనక్కో జరుపుతాయి. 45 డిగ్రీల తేడా ఉంటే, ఔట్‌పుట్ వోల్టేజీ సున్నా వద్ద ఉన్నా 4.4 ఆంపియర్లు పోతుంటాయి. అప్పుడు ట్రాన్సిస్టర్ మీద పూర్తి 50 వోల్టులు. 220 వాట్లు! క్షణకాలమే అయినా, అదే వాల్యూము, అదే 8 ఓమ్‌లు, భారం మాత్రం మూడింతలకు దగ్గర. 8 ఓమ్‌లకు ఒక జంట చాలని లెక్కవేసి కట్టిన సెట్లు టెస్ట్ లోడు మీద బతికి, నిజమైన బాక్సుల మీద పోవడానికి ఇదే కారణం.

దీనికి వాడేది కరెంటు లిమిటర్. ఎమిటర్‌లో 0.22 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే, 2.95 ఆంపియర్ల దగ్గర దాని మీద 0.65 వోల్టులు వస్తాయి. ఆ వోల్టేజీతో ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఆన్ అయి, పెద్దదానికి అందే డ్రైవ్‌ను లాగేస్తుంది. షార్టులో 50 వోల్టులు, 3 ఆంపియర్లు, 150 వాట్లు: అంచు మీదే అయినా రిలే పడేదాకా నెట్టుకురావచ్చు. కానీ 4 ఓమ్‌ల స్పీకర్ మీద పాట శిఖరానికి 11 ఆంపియర్లు పైనే కావాలి. ఆ సమయంలో ట్రాన్సిస్టర్ మీద ఉండేది నాలుగైదు వోల్టులే కనుక అదేమీ ప్రమాదం కాదు. అయినా ఈ లిమిటర్ దాన్ని కోసేస్తుంది.

అందుకే కరెంటుతో పాటు ట్రాన్సిస్టర్ మీది వోల్టేజీని కూడా చూసి హద్దు మార్చే సర్క్యూట్లు వచ్చాయి. వోల్టేజీ తక్కువగా ఉంటే ఎక్కువ కరెంటు పోనిస్తాయి, ఎక్కువగా ఉంటే హద్దు దింపుతాయి. వీటి మీద ఆడియో ఇష్టులకు పాత కోపం ఉంది, అది పూర్తిగా అన్యాయమూ కాదు. హద్దు మరీ దగ్గరగా పెడితే బాస్ దెబ్బ మధ్యలో లిమిటర్ కరెంటును కోసేస్తుంది, స్పీకర్ కాయిల్‌లోని కరెంటు ఒక్కసారిగా దారి లేక ఎదురుతన్నుతుంది, ‘పట్’ మని ముల్లులాంటి శబ్దం వస్తుంది. ఆ తన్నును సప్లైలోకి మళ్లించడానికి ఔట్‌పుట్ నుంచి రెండు సప్లైలకూ డయోడ్లు ఉండాలి. కొందరు డిజైనర్లు లిమిటర్‌నే తీసేసి, ఒక జంట చాలే చోట మూడు నాలుగు జంటలు పెడతారు. శబ్దం శుభ్రంగా ఉంటుంది, ఖర్చు పెరుగుతుంది. షార్టు వచ్చినప్పుడు మాత్రం ఎన్ని జంటలున్నా సర్క్యూట్ త్వరగా ఆపకపోతే అన్నీ కలిసే పోతాయి. అద్దెకు తిరిగే సెట్టులో లిమిటర్ లేకపోవడాన్ని సమర్థించడం కష్టం. కదలకుండా ఒకే బాక్సులతో ఉండే ఇంటి సెట్టులో సమర్థించవచ్చు.

వేడి లెక్క, రోహిణి కార్తె

ఒక జంట ట్రాన్సిస్టర్లు, ఒక్కోటి సగటున 30 వాట్ల వేడి పుట్టిస్తోంది. హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే అల్యూమినియం దిమ్మ) వాటుకు 0.6 డిగ్రీలది. మొత్తం 60 వాట్లకు 36 డిగ్రీలు పెరుగుతుంది. గది 30 డిగ్రీలుంటే సింక్ 66. అక్కడి నుంచి, సింక్‌కూ ట్రాన్సిస్టర్‌కూ మధ్య ఉండే మైకా రేకు, పేస్టు కలిపి వాటుకు సుమారు 0.5, ట్రాన్సిస్టర్ లోపల 0.83. ముప్పై వాట్లకు ఇంకో 40 డిగ్రీలు. లోపలి సిలికాన్ 106 డిగ్రీలు. దాని హద్దు 150.

అదే సెట్టు మే నెలాఖరున, ఫ్లైట్ కేసు లోపల, ఫ్యాన్ జాలీ దుమ్ముతో మూసుకుపోయి, చుట్టూ గాలే 55 డిగ్రీలు ఉంటే సిలికాన్ 131. పేస్టు ఎండిపోయి ఆ 0.5 కాస్తా ఒకటిన్నర అయితే 161. ఇలాంటి చోట్లకే సింక్ మీద 80 డిగ్రీల థర్మల్ స్విచ్ పెడతారు. పై లెక్కలో సింక్ 91కి చేరుతుంది కనుక అది ముందే ఆపేస్తుంది. ఆపాక చల్లారడానికి పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు, కిలోల కొద్దీ అల్యూమినియం కదా. షార్టు నుంచి మాత్రం ఈ స్విచ్ కాపాడలేదు. సిలికాన్ మిల్లీసెకన్లలో మాడిపోతుంది, సింక్‌కు ఆ కబురు అందేసరికి ఆలస్యమైపోతుంది.

ఐసీ ఆంప్లిఫయర్లలో సెన్సర్ సిలికాన్ మీదే ఉంటుంది. ఎల్ఎమ్3886 దాదాపు 165 డిగ్రీల వద్ద ఆగి 155కు దిగాక తిరిగి మొదలవుతుంది. టీడీఏ7294 అయితే 145 దగ్గర మ్యూట్ అయి, 150 దగ్గర స్టాండ్‌బైలోకి పోతుంది.

ఇక సింక్ మీద బీడీ139 లాంటి చిన్న ట్రాన్సిస్టర్ ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని ప్రొటెక్షన్ అని ఎవరూ అనరు, కానీ అదే తొలి కాపలాదారు. ట్రాన్సిస్టర్ వేడెక్కితే దాని బేస్ వోల్టేజీ డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గి, కరెంటు పెరుగుతుంది. కరెంటు పెరిగితే ఇంకా వేడి. ఈ చిన్నది కూడా వేడిని చూసి బయాస్ (పాట లేనప్పుడూ ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు ఇచ్చే కాస్త డ్రైవ్) తగ్గిస్తూ ఆ గొలుసును తెంపుతుంది. రిపేరు చేసి దాన్ని సింక్‌కు బిగించకుండా గాల్లో వదిలేస్తే, సెట్టు పావుగంట బాగా పాడి తర్వాత ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లను మళ్లీ తినేస్తుంది.

ఆన్ చేసినప్పుడు, కరెంటు తేడా వచ్చినప్పుడు

స్విచ్ వేశాక రిలే రెండు మూడు సెకన్లు ఆగి కలవడం లోపలి కెపాసిటర్లు నిండేదాకా వచ్చే ‘ధబ్’ శబ్దం స్పీకర్‌కు చేరకుండా. ఆపినప్పుడు వెంటనే విడిపోవాలి. పది వేల మైక్రోఫారడ్ల కెపాసిటర్లలో ఇంకా ఛార్జ్ ఉంటుంది కనుక సప్లైని చూస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ ఏసీనే నేరుగా గమనిస్తారు.

పెద్ద టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ అయ్యే క్షణంలో లాగే కరెంటుకు ఎంసీబీ పడిపోవచ్చు. దానికి సాఫ్ట్ స్టార్ట్: 50 ఓమ్‌ల రెసిస్టర్ వరసలో ఉంటే మొదటి దెబ్బ నాలుగున్నర ఆంపియర్లకు దిగుతుంది, సెకనులో మూడో వంతు లోపే ఒక రిలే దాన్ని పక్కకు తప్పిస్తుంది. రెసిస్టర్‌కు బదులు ఎన్‌టీసీ (వేడెక్కితే నిరోధం తగ్గే రెసిస్టర్) వాడితే చవక. కానీ ఆపి వెంటనే వేస్తే అది ఇంకా వేడిగానే ఉండి ఏమీ ఆపదు.

మన దగ్గర మండపాల్లో వచ్చే అసలు గండం న్యూట్రల్ ఊడటం. త్రీ ఫేజ్ తాత్కాలిక లైనులో న్యూట్రల్ వదులైతే, లోడును బట్టి ఒక ఫేజ్ మీద 230 పోయి 400కు దగ్గరగా రావచ్చు. ప్లస్ మైనస్ 50 ఉండాల్సిన సప్లై 80 దాటుతుంది, 63 వోల్టుల కెపాసిటర్లు పేలతాయి. డీసీ ప్రొటెక్షన్, లిమిటర్ ఇక్కడ ఎందుకూ పనికిరావు. ప్లగ్ దగ్గర 275 వోల్టుల ఎంఓవీ (వోల్టేజీ హద్దు దాటితే కరెంటును తనలోంచి పోనిచ్చే భాగం), దాని ముందు సరైన ఫ్యూజ్ ఉంటే, ఎంఓవీ చచ్చి ఫ్యూజ్‌ను ఎగరగొడుతుంది.

క్లిప్పింగ్ డీసీ కాదు, మరి ట్వీటర్ ఎందుకు పోతుంది

‘వాల్యూమ్ ఎక్కువ పెడితే క్లిప్పై డీసీ వస్తుంది, అందుకే కాయిల్ కాలింది’ అని తరచూ వింటాం. క్లిప్పవడమంటే ఆంప్లిఫయర్ ఇవ్వగలిగిన వోల్టేజీ హద్దు దగ్గర అల కొనలు తెగి చదునవడం. అల పైనా కిందా సమానంగా చదునైతే దాని సగటు సున్నానే. డీసీ సర్క్యూట్ దాన్ని చూడదు, చూడకూడదు కూడా.

నష్టం మాత్రం నిజమే. 100 వాట్ల సైన్ ఇచ్చే సెట్టు పూర్తిగా క్లిప్పయి చతురస్రపు అలగా మారితే 200 వాట్లు ఇస్తుంది. పై స్వరాలు పలికే చిన్న స్పీకరైన ట్వీటర్ సంగతిలో రెండు వాదనలున్నాయి. ఒకటి, క్లిప్పింగ్ వల్ల పుట్టే హార్మోనిక్స్ (అసలు స్వరానికి గుణిజాలైన పై స్వరాలు) ట్వీటర్‌ను కాలుస్తాయని. లెక్క చూస్తే 100 హెర్ట్జ్ చతురస్రపు అలలో 3 కిలోహెర్ట్జ్ పైన ఉండేది మొత్తం శక్తిలో ఒకటిన్నర శాతం లోపే, 200 వాట్లలో మూడు వాట్లు కూడా కాదు. రెండోది, బాస్ శిఖరాలు గోడకు తగిలి ఆగిపోయినా ఆపరేటర్ వాల్యూము పెంచుతూనే ఉంటాడు, తాళాలు, గొంతు లాంటి పై స్వరాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయని. లెక్కల ప్రకారం ఈ రెండోదే ఎక్కువ బరువైన కారణం. అయితే గొంతు స్వరాలే క్లిప్పైతే, వాటి హార్మోనిక్స్ నేరుగా ట్వీటర్ పరిధిలోనే పడతాయి కనుక మొదటి వాదనను పూర్తిగా కొట్టెయ్యలేం. క్లిప్ లిమిటర్ ఉన్న సెట్లు ఇన్‌పుట్‌నే తగ్గించి రెండిటికీ ఒకే మందు వేస్తాయి.

బ్రిడ్జ్ ఆంప్లిఫయర్‌కు ఈ బోర్డు ఎందుకు కుదరదు

ఇప్పుడు విరివిగా దొరికే టీపీఏ3116 లాంటి క్లాస్-డి చిప్పుల్లో షార్టు, వేడి, తక్కువ వోల్టేజీ, ఎక్కువ వోల్టేజీ, డీసీ అన్నీ చిప్పే చూసుకుంటుంది. వీటికి బయట నుంచి యూపీసీ1237 బోర్డు తగిలించి ‘రిలే కలవడం లేదు’ అనేవాళ్లు ఎక్కువ. ఇవి బ్రిడ్జ్ పద్ధతివి, అంటే స్పీకర్ రెండు కొనలనూ ఆంప్లిఫయరే నడుపుతుంది, ఏదీ గ్రౌండుకు తగలదు. 24 వోల్టుల సప్లైలో స్పీకర్ రెండు కొనలూ చెరో 12 వోల్టుల వద్ద ఉంటాయి. వాటి మధ్య తేడా సున్నా కనుక స్పీకర్ క్షేమం. బోర్డు మాత్రం ఒక కొనను గ్రౌండుతో పోల్చి 12 వోల్టుల డీసీ ఉందనుకుంటుంది. ఇక్కడ స్పీకర్ మైనస్ వైరును ఛాసిస్‌కు తగిలించినా చిప్పు షార్టుగానే లెక్కేస్తుంది.

లైటు ఏ క్షణంలో వెలిగిందన్నదే ఆధారం

ఆన్ చేశాక రిలే ఒక్కసారి కూడా ‘టక్’ అనకపోతే ఔట్‌పుట్‌లో డీసీ ఉంది, లేదా ప్రొటెక్షన్ బోర్డుకే సరైన సప్లై రావడం లేదు. రిలేకు ముందు, ఆంప్లిఫయర్ వైపు మల్టీమీటర్ పెడితే ఏదో తేలిపోతుంది. వోల్టులు చూపిస్తే ఆంప్లిఫయర్, మిల్లీవోల్టులే ఉంటే బోర్డు. రిలే కలిసి వెంటనే పడిపోయి, స్పీకర్ వైర్లు తీసేస్తే నిలబడితే తప్పు బయట ఉంది. వాల్యూము పెంచినప్పుడే పడితే ఎన్ని బాక్సులు కలిపారో లెక్కపెట్టాలి: 8 ఓమ్‌లవి నాలుగు పక్కపక్కన కలిపితే 2 ఓమ్‌లు. అరగంట తర్వాత పడితే వేడి.

లైటు వెలగకుండానే ఒక ఛానల్ సన్నగా, గరగరమంటూ వచ్చి, వాల్యూము ఒక్కసారి బాగా పెంచితే సరైపోతుంటే అది ఆంప్లిఫయర్ జబ్బు కాదు, ప్రొటెక్షన్ రిలేదే. కాంటాక్టు మీద నల్లటి పొర పట్టింది. తక్కువ వాల్యూములో ఆ పొరను చీల్చేంత వోల్టేజీ ఉండదు, ఎక్కువలో ఉంటుంది. గరుకు కాగితంతో గీకితే పైపూత పోయి కొన్నాళ్లకు మళ్లీ అదే వస్తుంది. అదే కాయిల్ వోల్టేజీ, అదే కాళ్ల వరస ఉన్న కొత్త రిలే వేయడమే దారి. వేసే ముందు పాతదాని మీది డీసీ రేటింగును ఈ సెట్టు సప్లై వోల్టేజీతో ఒకసారి పోల్చి చూస్తే, అసలు మొదటి నుంచీ అక్కడ ఆ రిలే ఉండదగినదేనా అన్నదీ తెలుస్తుంది.